లండన్ నుంచి ఏలినవారు – 9: హాట్‌ఫీల్డ్ దొర

1876 వేసవిలో హైదరాబాద్ దివాన్ సాలార్ జంగ్ లండన్ చేరాడు. దారిలో, పారిస్‌లో, హోటల్ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అయినా వెనక్కి తిరగలేదు. విక్టోరియా రాణి దర్శనమిచ్చింది. లండన్ నగరం గౌరవ పౌరసత్వం ఇచ్చి సత్కరించింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. విందులకూ మర్యాదలకూ ఏ లోటూ జరగలేదు. దివాన్ గారు వచ్చిన అసలు పని మాత్రం బీరారు. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ చూపించి 1853లో కుంపిణీవారు తమ చేతిలోకి తెచ్చుకున్న ఆ పత్తి జిల్లాల్ని నిజాంకు తిరిగి ఇప్పించాలని ఆయన అర్జీల మీద అర్జీలు పెడుతున్నాడు.

ఆ అర్జీ వినాల్సిన ఇండియా వ్యవహారాల మంత్రి, ఆయనకు డాక్టరేట్ ఇచ్చిన ఆక్స్‌ఫర్డ్‌కు ఛాన్సలర్, ఇద్దరూ ఒకరే. మూడో మార్క్విస్ ఆఫ్ సాల్స్‌బరీ. డాక్టరేట్ వచ్చింది, బీరారు రాలేదు. చివరికి అందిన జవాబు సారాంశం ఏమిటంటే, నిజాం ఇంకా చిన్నవాడు, ఆయన మైనారిటీ తీరేదాకా ఈ చర్చ ఎత్తవద్దు. సాలార్ జంగ్ లండన్ వెళ్లేనాటికి మహబూబ్ అలీఖాన్‌కు పదేళ్లు. మైనారిటీ తీరింది 1884లో. సాలార్ జంగ్ అంతకుముందు ఏడాదే కలరాతో పోయాడు.

అవునని చెప్పకుండా, కాదని తెంచకుండా నాన్చడం ఈ మంత్రికి వెన్నతో పెట్టిన విద్య. గత భాగంలో చూసిన డిజ్రేలీకి ఆర్భాటం కావాలి, రాణికి కొత్త బిరుదు కావాలి, ఢిల్లీలో దర్బారు కావాలి. సాల్స్‌బరీకి అవేవీ పట్టవు. ఇంగ్లండ్ విదేశాంగ నీతి అంటే ప్రవాహం వెంట పడవను తీరుబడిగా పోనివ్వడం, దేనికైనా గుద్దుకునేలా ఉంటే అప్పుడప్పుడు గెడ అడ్డం పెట్టడం అని వైస్రాయి లిట్టన్‌కు ఒక ఉత్తరంలో రాశాడు. ఈ మనిషి మూడు సార్లు ప్రధానమంత్రి అయ్యాడు. అన్నీ కలిపి 13 ఏళ్ల పైచిలుకు ఏలాడు. ఓట్ల కోసం ఒక్కసారి కూడా చెమటోడ్చలేదు.

ఓడ్చాల్సిన అవసరమే రాలేదు. సెసిల్ వంశం మూడు వందల ఏళ్లుగా అధికారాన్ని దగ్గర నుంచి చూసిన వంశం. మొదటి ఎలిజబెత్ రాణికి విలియం సెసిల్ మంత్రి. ఆయన కొడుకు రాబర్ట్ సెసిల్ ఆ రాణికీ, తర్వాత జేమ్స్ రాజుకూ మంత్రి. లండన్‌కు ఉత్తరాన హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న హాట్‌ఫీల్డ్ హౌస్ అనే మహాభవనాన్ని 1611 నాటికి కట్టించింది అతనే. మన కథలోని రాబర్ట్ సెసిల్ ఆ ఇంట్లోనే 1830 ఫిబ్రవరి 3న పుట్టాడు. తొమ్మిదేళ్లకే తల్లి పోయింది. ఈటన్ స్కూల్‌కు పంపితే అక్కడ పెద్ద పిల్లలు నరకం చూపించారు. తమ పాఠాలు రాసిపెట్టమని కొట్టేవాళ్లు, తన్నేవాళ్లు. తండ్రికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, చివరికి 1845లో ఆయన బడి మాన్పించాడు. సెలవుల్లో లండన్ వీధుల్లో నడవాల్సి వస్తే తోటి విద్యార్థులు ఎదురుపడతారేమోనని సందుల్లోంచి, గొందుల్లోంచి తిరిగేవాడట. ఆరడుగుల నాలుగంగుళాలు ఎదిగాక కూడా ఆ బెరుకు పూర్తిగా పోలేదు. జనం, విందులు, చేతులు కలపడాలు అంటే చచ్చేదాకా తప్పించుకు తిరిగాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆరోగ్యం చెడింది. ప్రభువుల పిల్లలకున్న ప్రత్యేక హక్కుతో గణితంలో నాలుగో తరగతి పట్టా చేతికిచ్చి పంపేశారు. వైద్యులు సముద్రయానం చేయమన్నారు. 1851లో బయల్దేరి దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చుట్టొచ్చాడు. ఆస్ట్రేలియా బంగారు గనుల్లో టోపీ తీసి పలకరించే మొరటు మనుషుల్ని చూసి ఆశ్చర్యపోయాడు. 1853లో తిరిగొచ్చేసరికి స్టాంఫర్డ్ నియోజకవర్గం సిద్ధంగా ఉంది. అది బంధువైన ఎక్సెటర్ ప్రభువు చెప్పుచేతల్లోని సీటు. పోటీ లేకుండా ఎన్నికైపోయాడు.

అప్పటికి ఆయన రెండో కొడుకు. ఆస్తి అన్నగారిది. 1857లో ఒక జడ్జి కూతురు జార్జినా ఆల్డర్సన్‌ను పెళ్లాడతానంటే, కట్నమూ లేదు, వంశమూ చాలదని తండ్రి మండిపడ్డాడు. ఈయన వినలేదు. ఇల్లు గడవడానికి పత్రికలకు రాయడం మొదలుపెట్టాడు. సాటర్‌డే రివ్యూకి, క్వార్టర్లీ రివ్యూకి వందల వ్యాసాలు, పుస్తక సమీక్షలు, పేరు లేకుండా. కలం పదునైనది. సొంత పార్టీ నాయకుడు డిజ్రేలీని కూడా వదల్లేదు. పత్రికలకు రాసి సంసారం ఈదిన ప్రధానమంత్రి అనగానే నాలాంటి వాడికి సహజంగా కొంత అభిమానం కలుగుతుంది. ఆ అభిమానం ఒడిశా దాకానే.

1865లో అన్న చనిపోయాడు, ఈయన వారసుడయ్యాడు. మరుసటి ఏడాది జులైలో డెర్బీ మంత్రివర్గంలో ఇండియా శాఖ ఇచ్చారు. వయసు 36. ఒడిశాలో అప్పటికే జనం రాలిపోతున్నారు. కరువు సెగ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాకూ తగిలింది. కొత్త మంత్రిని చూడవచ్చిన అధికారులు పరిస్థితి అదుపులోనే ఉందన్నారు. ఆయన నమ్మాడు. రెండు నెలలు ఏమీ చేయలేదు. ఈలోగా వానలు పడి ఒడిశా రేవులు మూతపడ్డాయి, బియ్యం ఓడలు ఒడ్డుకు రాలేకపోయాయి. పది లక్షల మంది దాకా చనిపోయారని లెక్క.

మంత్రి పదవి వదిలాక 1867లో ఆయన పార్లమెంటులో లేచి ఆ అధికారుల్ని దుయ్యబట్టాడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదన్న అర్థశాస్త్ర సూత్రాన్ని విగ్రహం పెట్టుకుని పూజించినట్టు పూజించారనీ, మనుషులు చస్తున్నా ఆ పూజ ఆపలేదనీ అన్నాడు. తన వంతు తప్పు లేదని తాను ఎన్నడూ అనుకోలేకపోయానని తర్వాత ఒప్పుకున్నాడు కూడా. నిపుణుల్ని ఎప్పుడూ నమ్మవద్దని లిట్టన్‌కు ఉపదేశించిన ఉత్తరం ఈయనదే. ఆ అపనమ్మకానికి విత్తనం ఒడిశాలోనే పడిందని ఆయన జీవితచరిత్రకారులు అంటారు. ఇంతదాకా బాగానే ఉంది. పదేళ్ల తర్వాత ఏం జరిగిందో చూడండి.

మధ్యలో ఒక రాజీనామా. 1867లో డిజ్రేలీ పట్టణ కార్మికులకు ఓటు హక్కు విస్తరించే బిల్లు తెచ్చాడు. సాల్స్‌బరీ ఒక ఆదివారం కూర్చుని జనాభా లెక్కలు వేసుకున్నాడు. బిల్లులో పెట్టిన రక్షణలు అంకెల్లో నిలవవని తేలింది. మరో ఇద్దరు మంత్రులతో కలిసి బయటికి నడిచాడు. 1868లో తండ్రి పోయాడు, రాబర్ట్ మార్క్విస్ అయ్యి ప్రభువుల సభకు మారాడు. దివాలా అంచున ఉన్న గ్రేట్ ఈస్టర్న్ రైల్వే కంపెనీకి ఛైర్మన్‌గా కొన్నేళ్లు పనిచేశాడు. 1874లో డిజ్రేలీ గెలిచి పిలిస్తే పళ్లు కొరుక్కుంటూనే వెళ్లి మళ్లీ ఇండియా శాఖ తీసుకున్నాడు.

ఆ ఏడాది బీహార్‌లో కరువు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గట్టెక్కించాడు. అందుకు అతనికి దక్కింది మెప్పు కాదు. డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడని ఇటు కలకత్తాలోనూ అటు లండన్‌లోనూ తిట్టిపోశారు.

1875 ఏప్రిల్‌లో సాల్స్‌బరీ భూమి శిస్తు మీద ఒక నోట్ రాశాడు. ఇండియా నుంచి రక్తం తీయక తప్పదు గనుక, కత్తి గాటు రక్తం గడ్డకట్టిన చోట, కనీసం తగినంత ఉన్న చోట పెట్టాలి గానీ, ఇప్పటికే పాలిపోయిన చోట పెట్టకూడదు. ఇదీ దాని భావం. దాదాభాయి నౌరోజీ ఈ వాక్యాన్ని జీవితాంతం వదల్లేదు. తెల్లవాళ్ల నోటి నుంచే వచ్చిన నేరాంగీకారంగా సభల్లో, పుస్తకాల్లో మళ్లీ మళ్లీ ఎత్తి చూపాడు. నోట్ పూర్తిగా చూస్తే సాల్స్‌బరీ వాదన రైతు మీద భారం తగ్గించాలనే. పల్లెల్లో రక్తం లేదని ఆయనకు తెలుసు. తెలిసి రాసిన మాట అది. నాకైతే అందుకే అది మరింత చేదుగా అనిపిస్తుంది.

తర్వాతి ఏడాది, ధాత నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. అనంతపురం అప్పటికింకా బళ్లారి జిల్లాలో భాగం. రాయలసీమ ముసలివాళ్ల నోట ధాత కరువుగా నిలిచిపోయింది ఇదే. మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొనుగోలుకు పూనుకుంటే, వ్యాపారుల పనిలో వేలు పెట్టవద్దని లిట్టన్ ప్రభుత్వం మందలించింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు. ఆ రోజున ఇండియా వ్యవహారాల మంత్రి లండన్‌లో కూడా లేడు, కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నాడు. తురుష్క సామ్రాజ్యంలోని క్రైస్తవుల భద్రత గురించి సుల్తాన్‌కు హితవు చెప్పే మహాసభలో కూర్చున్నాడు.

దర్బారు ముగిశాక లిట్టన్ దక్షిణాదికి కరువు ప్రతినిధిని పంపాడు. మళ్లీ రిచర్డ్ టెంపులే. బీహార్‌లో తిన్న తిట్లు అతనికి బాగా గుర్తున్నాయి. ఈసారి పొదుపు చేసి చూపించాలి. సహాయ పనుల మీద ఉన్న మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని ఖరారు చేశాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. ఒక పౌను అంటే అర కిలో కూడా లేదు. దాంతో పొద్దుటి నుంచి ఎండలో రాళ్లు కొట్టాలి, చెరువు కట్టకు మట్టి మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ కూలితో మనిషి పని చేయడం అటుంచి బతకడమే కష్టమని లెక్కలతో వాదించాడు. టెంపుల్ వినలేదు. చాలా శిబిరాల్లో జనం ఆ కూలికి పని చేయబోమని వెళ్లిపోయారు. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ వార్తల మీద వార్తలు రాశాడు. మద్రాసు ప్రభుత్వం మార్చిలో కూలి కొంత పెంచింది. ఆ ఏడాది ఎండాకాలమూ వానాకాలమూ కూడా జనం రాలిపోతూనే ఉన్నారు. మద్రాసు దగ్గర అడయారు, కూవం నదుల్ని కలుపుతూ ఈ కరువు కూలీలే తవ్విన కాలువ ముక్క ఒకటుంది. అంతా కలిపి ఆనాటి గవర్నర్ పేరు పెట్టారు, బకింగ్‌హామ్ కాలువ అని.

ఈ కరువులో మొత్తం అర కోటికి పైగా చనిపోయారని అంచనా. ఒడిశా విషయంలో విగ్రహారాధన అని గర్జించిన మంత్రి ఈసారి అదే పూజ చేస్తున్న వైస్రాయికి పై అధికారి. ఆపమని గట్టిగా ఒక్క ఆజ్ఞ కూడా పంపలేదు. యూరప్‌లో ఆగి చూడటం పనికొచ్చింది, యుద్ధాలు తప్పాయి. కర్నూలులో ఆగి చూడటమంటే ఏమిటో ఒడిశా తర్వాత ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రూరుడు కాబట్టి చేయలేదంటే నేను ఒప్పుకోను. తెలిసి కూడా కదలలేదు, అంతే. చరిత్ర ఆయన ఖాతాలో రాయాల్సిన మొదటి పద్దు ఇదేనని నా అభిప్రాయం. ఇంగ్లండులో వచ్చిన జీవితచరిత్రల్లో దీనికి దక్కే చోటు కొన్ని పేజీలే.

1878 వసంతంలో విదేశాంగ మంత్రిగా మారాడు. అదే వేసవిలో డిజ్రేలీతో కలిసి బెర్లిన్ మహాసభకు వెళ్లి రష్యాను వెనక్కి తగ్గించి, సైప్రస్‌ను సంపాదించుకొచ్చాడు. డిజ్రేలీ పోయాక పార్టీ చేతికొచ్చింది. 1885 జూన్‌లో తొలిసారి ప్రధానమంత్రి. ఆ ఏడు నెలల పాలనలోనే బర్మా రాజు తీబాను పడగొట్టి 1886 జనవరి 1న ఆ దేశాన్ని కలిపేసుకున్నారు. కాకినాడ, విశాఖ తీరాల నుంచి రంగూన్‌కు కూలీలు ఓడలెక్కి వెళ్లిన ఆ పెద్ద వలస ఈ యుద్ధం తర్వాతే జోరందుకుంది. 1886 వేసవిలో ఐర్లండ్ స్వపరిపాలన బిల్లు మీద లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్ కూలిపోయాడు, సాల్స్‌బరీ తిరిగొచ్చాడు. అంతకుముందు మే నెలలోనే ఒక సభలో, కొన్ని జాతులకు ప్రజాప్రతినిధుల పాలన అప్పగించలేమని తేల్చి చెప్పాడు. దక్షిణాఫ్రికా ఆదివాసుల్ని పేరెత్తి చెప్పి, తూర్పు దేశాల వాళ్లనూ ఆ జాబితాలో చేర్చాడు.

ఈ రెండో ప్రభుత్వంలో ఖజానా మంత్రి లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్, మన విన్‌స్టన్ చర్చిల్ తండ్రి. దూకుడు మనిషి. సైన్యం ఖర్చు తగ్గించకపోతే తప్పుకుంటానని 1886 డిసెంబర్‌లో బెదిరించాడు. ఉత్తరం అర్ధరాత్రి దాటాక హాట్‌ఫీల్డ్ చేరింది. ఇంట్లో విందు, అతిథుల్లో రాండాల్ఫ్ తల్లి కూడా ఉంది. సాల్స్‌బరీ ఎవరికీ చెప్పకుండా వెళ్లి పడుకున్నాడు. పొద్దున అతిథిని సాగనంపడానికి భార్య లేవబోతే, ముందు టైమ్స్ పత్రిక తెప్పించు, అతని సంగతి నాకు తెలుసు, వార్త అందులో వచ్చే ఉంటుంది అన్నాడు. వచ్చింది. రాజీనామా ఆమోదించారు. వెనక్కి పిలుస్తారా అని అడిగితే, మెడ మీద సెగగడ్డ పోయినవాడు మళ్లీ కావాలని కోరుకోవడం ఎక్కడైనా చూశారా అన్నాడట. రాండాల్ఫ్ మళ్లీ మంత్రి కాలేదు.

ఇదే మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడో చెప్పాలి. హాట్‌ఫీల్డ్ కింది అంతస్తులో సొంత ప్రయోగశాల ఉండేది, రసాయనాలతో కుస్తీ పట్టేవాడు. ఇంగ్లండులో ముందుగా కరెంటు దీపాలు వెలిగిన పెద్ద ఇళ్లలో అదొకటి. లీ నది నీటి చక్రంతో కరెంటు పుట్టించేవాళ్లు. వైరింగు సరిగా కుదరక పొడవాటి గ్యాలరీ పైకప్పులో మంటలు లేచేవి. కింద కూర్చున్న సెసిల్ కుటుంబం దిండ్లు విసిరి ఆర్పేసి, తెగిన సంభాషణ తిరిగి అందుకునేవాళ్లట. తోటలో వైరు తగిలి ఒక పనివాడు చనిపోయాడు. దిండ్ల కథ చెప్పే పుస్తకాలు ఆ పనివాణ్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. కొత్తగా పెట్టించిన టెలిఫోన్లలో ప్రధానమంత్రి పిల్లల పాటలు వల్లించి ఎలా వినబడుతోందో పరీక్షించేవాడు. ముసలితనంలో మూడు చక్రాల సైకిల్ ఎక్కి తోటంతా తిరిగేవాడు, ఎత్తు ఎక్కాలంటే వెనక ఒక కుర్రాడు తోయాలి. చూపు ఆనదు. ఏడవ ఎడ్వర్డ్ రాజు తన ఫొటో ఒకటి చేతికిస్తే, కాసేపు చూసి, పాపం బుల్లర్ అని నిట్టూర్చాడట. బుల్లర్ అంటే బోయర్ యుద్ధంలో ఓడిపోయి పేరు పోగొట్టుకున్న జనరల్.

ఇప్పుడు నౌరోజీ దగ్గరికి వద్దాం. 1886లో ఆయన లండన్‌లోని హోబర్న్ నుంచి లిబరల్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయాడు. 1888లో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. సాల్స్‌బరీ పార్టీవాళ్లైన టోరీలు గెలిచారు గానీ మెజారిటీ తగ్గింది. ఎందుకు తగ్గిందో నవంబర్ 30న ఎడిన్‌బరో సభలో సాల్స్‌బరీ వివరించాడు. కిందటిసారి ప్రత్యర్థి ఒక నల్లవాడు, మానవజాతి ఎంత పురోగమించినా ఒక నల్లవాణ్ని ఎన్నుకునే స్థితికి బ్రిటిష్ ఓటర్లు ఇంకా వచ్చారని తాననుకోను అన్నాడు. సభలో నవ్వులు. మర్నాటి నుంచి దేశమంతా రచ్చ. అసలు రంగులో ఆ పార్సీ పెద్దమనిషే ప్రధానమంత్రి కంటే తెలుపని లిబరళ్లు ఎద్దేవా చేశారు. అప్పటిదాకా కొద్దిమందికే తెలిసిన నౌరోజీ పేరు ఒక్క మాటతో ఇంటింటికీ చేరింది. నోరుజారి అన్నాడా అంటే నాకు నమ్మకం లేదు. వందల వ్యాసాలు రాసిన మనిషికి మాట బరువు తెలియదా?

1892 జులై సాధారణ ఎన్నికల్లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి నౌరోజీ గెలిచాడు, 5 ఓట్లతో. అదే ఎన్నికల్లో సాల్స్‌బరీ ప్రభుత్వం మెజారిటీ పోగొట్టుకుంది, ఆగస్టులో దిగిపోయింది. దిగేముందు భారత శాసన మండళ్ల చట్టం ఒకటి చేసి పోయింది. మండళ్లలో కొన్ని సీట్లు పెరిగాయి, బడ్జెట్ మీద మాట్లాడే హక్కు వచ్చింది, ఎన్నిక అన్న మాట మాత్రం చట్టంలో పెట్టలేదు. 1895లో సాల్స్‌బరీ మళ్లీ గెలిచినప్పుడు నౌరోజీ ఓడిపోయాడు. బెత్నల్ గ్రీన్ నుంచి మాత్రం ఇంకో భారతీయుడు, ఇంకో పార్సీ, మంచర్జీ భావ్‌నగ్రీ పార్లమెంటుకు వెళ్లాడు. టోరీ టికెట్ మీద, సాల్స్‌బరీ పార్టీ తరఫున.

మూడో పాలన గురించి ఎంతైనా రాయవచ్చు, మనకు అక్కర్లేనిదే ఎక్కువ. ఆఫ్రికా పంపకం జోరుగా సాగింది. ఫషోడాలో ఫ్రాన్స్ వెనక్కి తగ్గింది. అంతకుముందు 1890లోనే గనుల వ్యాపారి రోడ్స్ మనుషులు దక్షిణాఫ్రికాకు ఉత్తరాన ఒక కోట కట్టి ప్రధానమంత్రి పేరు పెట్టారు, ఈనాటి హరారే అదే. 1899లో మొదలైన బోయర్ యుద్ధం ఆయన కోరుకున్నది కాదు, ఆపగలిగిందీ కాదు. అదే ఏడాది నవంబర్‌లో భార్య పోయింది. ఆ తర్వాత మనిషి కుంగిపోయాడు. 1900 ఎన్నికల్లో గెలిచి, విదేశాంగ శాఖ వదులుకుని మంత్రివర్గాన్ని సర్దాడు. అందులో ఇద్దరు మేనల్లుళ్లు, ఒక అల్లుడు, సహాయమంత్రిగా కొడుకు. లండన్‌లో కొత్తగా కట్టిన ఒక పెద్ద హోటల్ పేరు మీదుగా జనం దానికి హోటల్ సెసిల్ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. మన రాజకీయాలు చూసినవాళ్లకు ఇదంత వింతగా అనిపించకపోవచ్చు.

1902 జులై 11న రాజీనామా చేశాడు. మర్నాడు మేనల్లుడు ఆర్థర్ బాల్ఫోర్ ప్రధానమంత్రి అయ్యాడు. 1903 ఆగస్టు 22న సాల్స్‌బరీ హాట్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశాడు. ప్రభువుల సభలో కూర్చుని పాలన మొత్తం సాగించిన బ్రిటిష్ ప్రధానమంత్రి ఆయన తర్వాత మరొకరు లేరు.

బీరారు సంగతి ఆయన పోయేలోపే తేలింది. ఒకప్పటి ఆయన సహాయ కార్యదర్శి, 1898లో ఆయనే ఇండియాకు పంపిన వైస్రాయి, 1902లో స్వయంగా హైదరాబాద్ వచ్చి ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలు కింద బీరారును శాశ్వతంగా రాయించుకుపోయాడు. వచ్చే భాగంలో ఆ కర్జన్ ప్రభువు కథ.